ఫుల్‌ఫ్రేమ్ కెమెరా కొనాలా? తాడ్వాయిలో నేను వేసుకున్న లెక్క

మీలో చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, ఫొటోలు తీయడం నాకు హాబీ. సంపాదన కోసం కాదు. ఫుల్‌ఫ్రేమ్ కెమెరా కొనాలా, వద్దా?" ఈ ప్రశ్న నాకూ వచ్చింది. నా లెక్క ఎలా వేసుకున్నానో ఈరోజు చెప్తాను.

నాది తాడ్వాయి. మేడారం దారిలో ఉండే తాడ్వాయి కాదు, మా కామారెడ్డి జిల్లా తాడ్వాయి. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి పోయే రోడ్డు మీద ఉంటుంది. నేను ఎరువుల దుకాణంలో లెక్కలు రాస్తాను. నా దగ్గర ఒక పాత క్రాప్ సెన్సర్ డీఎస్‌ఎల్‌ఆర్ ఉంది. దాంతో వచ్చిన 18-55 కిట్ లెన్స్ తప్ప వేరే లెన్స్ లేకుండె.

పోయిన ఏడాది సద్దుల బతుకమ్మ రోజు. పొద్దుగూకింది. చెరువు కట్ట దగ్గర ఒక్క వీధి దీపం ఉంది. మా నానమ్మ నడుం నొప్పితోనే వచ్చి, ఆడవాళ్లతో కలిసి రెండు చుట్లు తిరిగింది. నేను నలభై ఫొటోలు తీశాను. ఇంటికొచ్చి చూపిస్తే నానమ్మ ఫోన్ దగ్గరికి పెట్టుకుని చూసి ఒకటే మాట అన్నది. "బతుకమ్మ మంచిగొచ్చింది గని, నా మొఖం ఏది కొడుకా?"

నిజమే. తంగేడు పూలు స్పష్టంగా ఉన్నాయి. నానమ్మ మొఖం మాత్రం చెరిపేసినట్టు ఉంది. వచ్చే ఏడు ఆమె చెరువు దాకా నడవగలదో లేదో తెలియదు. ఆ రాత్రే అనుకున్నాను, చిట్టీ ఎత్తి ఫుల్‌ఫ్రేమ్ కొనాల్సిందే అని.

చిట్టీ ఎత్తితే చేతికి లక్షా 20 వేలు వచ్చాయి. అదే నెలలో బోరు మోటారు కాలిపోయింది. బాపు నన్ను ఏమీ అడగలేదు. అడగకపోవడమే నాకు కష్టమైంది. 35 వేలు మోటారుకి ఇచ్చాను. మిగిలింది 85 వేలు. ఇక తప్పు కొనడానికి వీల్లేదు కాబట్టి, కూర్చుని లెక్క వేశాను.

ముందు ఫుల్‌ఫ్రేమ్ అంటే ఏంటో చూద్దాం. సెన్సర్ 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటే అది ఫుల్‌ఫ్రేమ్. ఈ కొలత డిజిటల్‌తో వచ్చింది కాదు. సినిమాకి వాడే 35 ఎంఎం ఫిల్మ్‌ని చిన్న ఫొటో కెమెరాలో అడ్డంగా నడిపిస్తూ 1925లో లైకా మార్కెట్లోకి వచ్చింది. ఆ ఫ్రేమ్ సైజే ఇప్పటికీ నడుస్తోంది. క్రాప్ సెన్సర్ అయితే సుమారు 23.5×15.6 మిల్లీమీటర్లు. వైశాల్యాలు గుణిస్తే ఒకటి 864, ఇంకోటి 366 చదరపు మిల్లీమీటర్లు. అంటే అదే ఎఫ్ నంబర్, అదే షట్టర్ స్పీడ్ పెట్టి అదే దృశ్యం తీస్తే, ఫుల్‌ఫ్రేమ్‌కి సుమారు 2.3 రెట్లు ఎక్కువ వెలుగు అందుతుంది. లాభం ఉంది. కాకపోతే అది పదింతలు కాదు.

ఇప్పుడు నానమ్మ ఫొటో వివరాలు తెరిచి చూశాను. లెన్స్ 55 దగ్గర, ఎఫ్ 5.6. ఐఎస్‌ఓ 6400. షట్టర్ సెకనులో 30వ వంతు. దొరికింది అసలు దొంగ! చప్పట్లు కొడుతూ తిరిగే మనిషిని సెకనులో 30వ వంతుకి తీస్తే మొఖం కదలకుండా ఎట్లా వస్తుంది? కనీసం 200వ వంతు కావాలి.

అదే ఎఫ్ 5.6 లెన్స్‌తో ఫుల్‌ఫ్రేమ్ ఉండి ఉంటే? నాయిస్ అంతే ఉండేట్టు చూసుకుంటే షట్టర్ 70వ వంతు దాకా పోతుంది. మొఖం ఇంకా చెదిరే ఉంటుంది. మరి నా పాత కెమెరాకే 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్ పెడితే? 5.6ని 1.8తో భాగించి, వచ్చినదాన్ని దానితోనే గుణించండి. సుమారు 9.7 వస్తుంది. అంటే దాదాపు పది రెట్ల వెలుగు. షట్టర్ 250వ వంతు దాటుతుంది. సెన్సర్ మారిస్తే 2.3 రెట్లు, లెన్స్ మారిస్తే 9.7 రెట్లు. ఏది ముందు కొనాలో ఇక్కడే అర్థమైపోతుంది.

ఇంకో మెలిక ఉంది. బడ్జెట్ మొత్తం బాడీకే పెట్టి, దాంతో వచ్చే చిన్న కిట్ లెన్స్‌తో సరిపెట్టుకుంటాం కదా. అలాంటి కొన్ని 24-50 కిట్ లెన్సులు 50 దగ్గర ఎఫ్ 6.3కి పోతాయి. 6.3ని 1.5తో భాగిస్తే 4.2. అంటే చీకట్లో ఆ సెట్టు పనితనం, క్రాప్ కెమెరా మీద ఎఫ్ 4.2 లెన్స్ ఉన్నట్టే. ఖర్చు లక్ష దాటింది, చీకటి మాత్రం అక్కడే ఉంది.

కాగితం మీద లెక్క చాలదని హైదరాబాద్‌లో ఒకరోజు కిరాయికి 24 మెగాపిక్సెళ్ల ఫుల్‌ఫ్రేమ్ బాడీ, 85 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్ తెచ్చాను. అప్పటికే 50 ఎంఎం సెకండ్ హ్యాండ్‌లో ఎనిమిది వేలకు తీసుకున్నాను. పొద్దున లింగంపేట నాగన్న బావికి పోయాను. మెట్లబావి కదా, లోపల నీడ, పైన ఎండ. నీడలో ఉన్న రాళ్లను తర్వాత ఎడిటింగ్‌లో వెలుగులోకి తెస్తే ఫుల్‌ఫ్రేమ్ ఫొటో శుభ్రంగా ఉంది. బాగుంది అనిపించింది. కానీ బావి కదలదు. నా పాత కెమెరాని ట్రైపాడ్ మీద పెట్టి, ఐఎస్‌ఓ 100లో సెకను సేపు తీస్తే అదీ శుభ్రంగానే వచ్చింది.

సాయంత్రం మా వాకిట్లో ఒక్క బల్బు వెలుగులో నానమ్మని చప్పట్లు కొట్టమన్నాను. "పండుగ లేదు, పబ్బం లేదు, ఏం ఆట ర ఇది" అని నవ్వుకుంటనే కొట్టింది. రెండు కెమెరాల్లో ఐఎస్‌ఓ 6400, షట్టర్ 250. ఫోన్ స్క్రీన్ మీద నాకు తేడా తెలియలేదు. కామారెడ్డిలో 12×18 అంగుళాల ప్రింట్లు వేయించాను. అప్పుడు తెలిసింది. ఫుల్‌ఫ్రేమ్ ప్రింట్‌లో చీర నలుపు నున్నగా ఉంది, నాదాంట్లో సన్నటి ఇసుక చల్లినట్టు ఉంది. మొఖం రెండింట్లోనూ స్పష్టం. నానమ్మ ముందు రెండూ పెడితే పాత కెమెరాదే తీసుకుంది. "ఇండ్ల నవ్విన" అన్నది.

అయితే ఎఫ్ 1.8కి ఒక జాగ్రత్త. మూడు మీటర్ల దూరంలో ఫోకస్ ఉండేది ఇంచుమించు జానెడు మందమే. కన్ను మీద ఫోకస్ పెట్టండి. వరుసగా పదిమంది ఉంటే అందరూ స్పష్టంగా రారు.

మరి ఫుల్‌ఫ్రేమ్ ఎవరికి? మంచి లెన్స్ ఉన్నా చీకట్లో ఇంకా చాలట్లేదు అన్నవాళ్లకి, పెద్ద ప్రింట్లు వేయించేవాళ్లకి, బాడీతో పాటు మంచి లెన్స్‌కీ డబ్బు ఉన్నవాళ్లకి. సెకండ్ హ్యాండ్‌లో చూస్తే 2019 నాటి కెనాన్ ఆర్‌పి తేలిక, 485 గ్రాములే. కానీ బాడీలో స్టెబిలైజేషన్ లేదు, కార్డు స్లాట్ ఒకటే. 2020 నాటి నికాన్ జడ్5లో స్టెబిలైజేషన్ ఉంది, రెండు ఎస్‌డీ కార్డులు పడతాయి, బరువు మాత్రం 675 గ్రాములు. ఒక మాట గుర్తుంచుకోండి, స్టెబిలైజేషన్ మన చేతి వణుకుని ఆపుతుంది, ఎదుటి మనిషి కదలికను ఆపదు.

పాత బాడీ కొనేముందు ఎఫ్ 16లో తెల్ల గోడని ఫొటో తీసి మచ్చలు చూడండి. షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో, ఒరిజినల్ బిల్లు ఉందో అడగండి. లెన్స్‌లోకి టార్చ్ కొట్టి ఫంగస్ చూడండి. మీ దగ్గరున్న క్రాప్ లెన్సులు ఫుల్‌ఫ్రేమ్ మీద పెడితే మధ్య భాగమే వాడుకోవాలి, 24 మెగాపిక్సెళ్లు పది పదకొండుకి పడిపోతాయి. అందుకే ఇప్పుడు కొనే లెన్స్ ఫుల్‌ఫ్రేమ్‌కీ సరిపోయేది చూసి కొనండి. నా 50 అలాంటిదే. రేపు బాడీ మారినా అది పనికొస్తుంది.

నేనైతే ఫుల్‌ఫ్రేమ్ కొనలేదు. మిగిలిన పైసలు బ్యాంకులో ఉన్నాయి. ఈ బతుకమ్మకి కూడా ఈ లెన్స్‌తో చాలలేదనిపిస్తే అప్పుడు కొంటాను. మీరు మాత్రం ఈ రాత్రి ఒక పని చేయండి. చెడిపోయిన మీ పది ఫొటోలు తెరిచి షట్టర్, ఎఫ్ నంబర్, ఐఎస్‌ఓ ఒక కాగితం మీద రాయండి. ఏం కొనాలో ఆ కాగితమే చెప్తుంది.

నానమ్మ ఆ ప్రింట్‌ని దేవుడి గూటి పక్కన పెట్టించుకుంది. ఈసారి చెరువు దాకా బండి మీద తీసుకుపోతానని మాటిచ్చాను. ఆ ఫొటోలతో మళ్లీ కలుద్దాం. ఉంటాను మరి, నమస్తే.