ఆ మాట ఎవరిది?

(పూర్వ విద్యార్థుల స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

సాహిత్య పరిశోధన గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. సిద్ధాంతాలు చెప్పి మీ భోజనం వేళ దాటించను. పరిశోధనలో అందరూ చిన్నచూపు చూసే పని ఒకటుంది. అది నోట్సు రాసుకోవడం. వ్యాసంలో తప్పు దొర్లితే దిద్దుకోవచ్చు. నోట్సులో దొర్లిన తప్పును దిద్దుకునే అవకాశం ఒక్కోసారి మళ్లీ రాదు.

సురవరం ప్రతాపరెడ్డి గారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' 1949లో వచ్చింది. తెలుగుకు తొలి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు 1955లో దానికే దక్కింది. మన పూర్వులు ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు అని ఆయన కావ్యాల్లో వెతికారు. పాల్కురికి సోమన రచనలు, క్రీడాభిరామం, ఆముక్తమాల్యద, శుకసప్తతి అన్నీ జల్లెడ పట్టారు. మనం వర్ణన అనుకొని దాటిపోయే పద్యంలో ఆయనకు ఒక వంటకమో, ఒక నగో దొరికేది. ఏ వివరం ఎక్కడిదో ఎప్పటికప్పుడు గుర్తు పెట్టుకోకపోతే అలాంటి పుస్తకం సాధ్యమయ్యేది కాదు.

నేను పోస్టుకార్డంత అట్టముక్కల మీద రాసుకునేవాణ్ని. ఒక అట్టకు ఒకే విషయం. పైన రచయిత, పుస్తకం, ముద్రణ సంవత్సరం, పేజీ. కావ్యమైతే ఆశ్వాసం, పద్యం సంఖ్య కూడా రాయాలి. ముద్రణ మారితే పేజీ మారుతుంది, ఆశ్వాసం మారదు. రచయిత మాటలు యథాతథంగా రాస్తే ఉల్లేఖన చిహ్నాలు పెట్టాలి, మధ్యలో వదిలేస్తే చుక్కలు పెట్టాలి. మనకు తోచింది వేరే రంగు సిరాతో రాయాలి.

ఈ పద్ధతి నాకు దెబ్బ తిన్నాకే వచ్చింది. మొదట్లో ఒక పుస్తకంలోని వాక్యాన్ని చిహ్నాలు లేకుండా రాసుకున్నాను. రెండేళ్ల తర్వాత అట్ట తీస్తే అది నా వాక్యమే అనిపించింది. నా వ్యాసంలో పెట్టేశాను. మా పర్యవేక్షకులు చదివి, "ఇది నీ మాటేనా?" అని అడిగారు. అంతే, ఇంకొక్క మాట అనలేదు. దొంగతనం చేయాలని చేయలేదు. కాని చేసింది మాత్రం దొంగతనమే.

రెండో తప్పు అంతకన్నా పెద్దది. మఠంపల్లి చుట్టుపక్కల ఒక అవ్వ దగ్గర కూర్చొని పాటలు రాసుకున్నాను. చదువుకున్నవాణ్ని కదా, ఆమె 'శెల్క' అన్నచోటల్లా అందంగా ఉంటుందని 'పొలం' అని దిద్దాను. కొన్నేళ్లకు అవ్వ బిడ్డ నా నోట్సు విని, "మా అమ్మ పొలం అనకపోయేది సారూ, శెల్క అనేది" అన్నది. శెల్క అంటే వానకు పండే మెట్టభూమి. నాగార్జునసాగర్ కాల్వలకు నీళ్లు వదిలింది 1967లో. ఎడమ కాల్వ నీళ్లు పారి మన వైపు వరి మళ్లయ్యాయి. ఆ పాట అంతకుముందటిదేమో! ఆ ఒక్క మాట అందుకు ఆనవాలు. దాన్ని నేనే చెరిపేశాను. అడుగుదామంటే అప్పటికి అవ్వ లేదు.

ఇప్పుడు ఫోన్లున్నాయి. పేజీని ఫొటో తీస్తే పనైపోయిందనుకుంటున్నాం. ఫొటో పుస్తకాన్ని దాస్తుందే గాని, మనం ఏం చదివామో దాయదు. అది రాసుకుంటేనే తెలుస్తుంది. పైగా ఏ పుస్తకమో రాయని ఫొటో, చిరునామా లేని ఉత్తరం లాంటిది.

చివరగా ఒక విన్నపం. మీలో చాలామంది ఇళ్లలో నాట్ల పాటలు, బతుకమ్మ పాటలు తెలిసిన అమ్మలు, అవ్వలు ఉన్నారు. ఈ సెలవుల్లో ఒక నోటుబుక్కు తీసుకొని వాళ్ల దగ్గర కూర్చోండి. పాడినవారి పేరు, ఊరు, తేదీ, ఎవరి దగ్గర నేర్చుకున్నారో రాయండి. వాళ్లు ఎట్లా పలికితే అట్లాగే రాయండి. అర్థం కాని మాట ఉంటే దిద్దకండి, పక్కన ప్రశ్నార్థకం పెట్టి వాళ్లనే అడగండి. ఒక ప్రతి మన బడి గ్రంథాలయానికి ఇవ్వండి. ముందుగా నా నోటుబుక్కు ఇస్తున్నాను. అందులో 'పొలం' అన్నచోటల్లా ఎర్రసిరాతో నా తప్పు రాసిపెట్టాను.

సెలవు.