ఏ మానవుడు?

(వాడలో జరిగిన సభలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



మన గడపలకు, అరుగులకు పూసే జాజు తెలుసు కదా. కొందరు జేగురు అంటారు. ఇనుప తుప్పు కలిసిన మన్నే అది. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో జాన్ సాబ్రా అనే చిత్రకారుడు అలాంటి రంగుతోనే బొమ్మలు వేశాడు. అయితే ఆ రంగు గుట్ట తవ్వి తెచ్చింది కాదు, చచ్చిపోయిన వాగులోంచి తీసింది.

వాగు ఎట్లా చచ్చింది? అక్కడ బొగ్గు తవ్వారు, తవ్వి గనులు వదిలేసి పోయారు. బొగ్గు పొరల్లో గంధకం, ఇనుము కలిసిన రాయి ఉంటుంది. దానికి గాలి, నీళ్లు తగిలితే ఆమ్లం పుట్టి, ఇనుమును కరిగించుకుని బయటికి ఊరుతుంది. సండే క్రీక్ అనే వాగులోకి ట్రూటౌన్ దగ్గర ఒక్క ఊట నుంచే ఏడాదికి సుమారు 20 లక్షల పౌండ్ల తుప్పు చేరుతున్నదని లెక్కగట్టారు. మన లెక్కలో 9 లక్షల కిలోలు! వాగు అడుగంతా నారింజ రంగు బురద. అందులో చేప ఎట్లా బతుకుతుంది?

సాబ్రా, ఇంజనీరు గై రీఫ్లర్ కలిసి ఆ నీళ్ల ఆమ్లాన్ని విరిచి, తుప్పును పేరబెట్టి, ఆరబెట్టి నూరారు. పసుపు వచ్చింది. కాలిస్తే ఎరుపు, ఇంకా కాలిస్తే ఊదా. రంగు అమ్మిన డబ్బు వాగు బాగుకే పెట్టాలని వాళ్ల పథకం. బురదలో చెయ్యి పెట్టిన కళాకారుణ్ని మనం మెచ్చుకోకపోతే ఎవరు మెచ్చుకుంటారు?

ఆ బొమ్మల్లో చెట్టూ, ఇల్లూ, మనిషీ పోల్చుకోడానికి ఉండవు. గుండ్రటి ఆకారాలు, ఒకదాని మీదికి ఒకటి పారి ఆరిన రంగులు. నైరూప్య చిత్రం అంటారు. అర్థం కాలేదని ఎవరూ సిగ్గుపడక్కర్లేదు. వాగు ఎండినప్పుడు ఒండ్రు పొరలు చూసిన కళ్లు మనవి.

నా పేచీ బొమ్మతో కాదు, ఇట్లాంటి బొమ్మల గురించి రాసే మాటతో. "ప్రకృతిపై మానవుడి ప్రభావం" అంటారు. ఏ మానవుడు?

అదే సండే క్రీక్ ఎగువన 1879లో రెండ్‌విల్ అనే గని ఊరు వెలిసింది. నల్లజాతి కార్మికులు చాలామంది అక్కడ పనిచేశారు. వాళ్లలో రిచర్డ్ డేవిస్ ఒకడు. చిన్నతనంలో పొగాకు ఫ్యాక్టరీలో కూలి, తర్వాత గనిలో కూలి. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ ఒకే సంఘంలో ఉండాలని పత్రికకు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు. 1896లో గని కార్మికుల యూనియన్ జాతీయ కార్యవర్గానికి ఎన్నికయ్యాడు. చివరికి యజమానులు పని ఇవ్వకుండా వెలివేశారు. (వెలి అనే మాట మనకు విడమరిచి చెప్పాలా!) 1900లో, నలభై నిండకుండానే పోయాడు.

డేవిస్ మానవుడే. బొగ్గు అమ్ముకుని మూట కట్టుకు పోయినవాడూ మానవుడే. ఇద్దర్నీ ఒకే మాటలో కలిపేస్తే మూట కట్టుకున్నవాడు దాక్కుంటాడు. 1977లో అమెరికా గనుల చట్టం తెచ్చింది. అప్పటికే వదిలేసిన గనులకు లెక్క చెప్పేవాడే లేడు. తర్వాత బొగ్గు తవ్వినవాళ్ల మీద టన్నుకింత అని సుంకం వేసి పాత పాపం కడుగుతున్నారు.

మన వాగులోకీ ఎగువ నుంచి నురగ నీళ్లు దిగుతున్నాయి. పిల్లలూ, ఆ వాగును బడి గోడ మీద వెయ్యండి. ఒట్టి రంగులే పూసినా సరే. కింద మాత్రం ఆ నీళ్లు ఎవరు వదిలారు, ఏ ఏడు వదిలారు, ఎవరి బావి చెడింది, పేర్లతో సహా రాయండి. చదువురాని పెద్దలు చెప్తారు, మీరు రాసుకోండి. రేపు ఆదివారం నుంచే మొదలుపెడదాం.