ఢిల్లీ థింక్ టాంకుల్లో మన పల్లె మాటెక్కడ?

(బెంజ్ సర్కిల్ దగ్గర జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



బెంజ్ సర్కిల్లో సభ పెట్టుకుని విదేశాంగ విధానం గురించి మాట్లాడటమేందని మమ్మల్ని కొందరు అడిగారు. కూలిరేట్ల గురించి మాట్లాడండి, శ్మశానం స్థలం గురించి మాట్లాడండి, హాస్టల్ భోజనం గురించి మాట్లాడండి, విదేశాల సంగతి మీకెందుకన్నారు. ఈ మాట మనకి కొత్త కాదు. చదువు మీకెందుకన్నారు. ఓటు మీకెందుకన్నారు. చెరువు మీకెందుకు, గుడి మీకెందుకన్నారు. ఇప్పుడు విదేశాంగం మీకెందుకంటున్నారు. ఎక్కడ 'మీకెందుకు' అన్నారో అక్కడ మనకి రావలసిన వాటా ఒకటి దాగి ఉంటదని మన తాతల కాడ్నుంచి చూస్తున్నాం. అందుకే మాట్లాడదాం.

ఈ సర్కిల్లో మద్రాసు–కలకత్తా రోడ్డూ, హైదరాబాదు–బందరు రోడ్డూ కలుస్తాయి. కైకలూరు, భీమవరం వైపు చెరువుల్లో పండిన రొయ్య ఓడెక్కి అమెరికా పోతది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. అందులో సగం రష్యా దగ్గర చమురు కొన్నందుకు వేసిన శిక్ష. చమురు కొన్నదెవరు? రొయ్య తల తీసే షెడ్డులో చల్లనీళ్ళలో చేతులు పెట్టుకుని నిలబడ్డ ఆడకూలీ కాదు. కానీ రొయ్య రేటు పడితే ముందు పడేది ఆమె కూలి. 2023 జూలైలో తెల్లబియ్యం ఎగుమతి ఆపినప్పుడూ, 2024 సెప్టెంబరులో మళ్ళీ వదిలినప్పుడూ ధాన్యం పండించిన కూలీని ఎవరూ అడగలేదు. విదేశాంగ విధానం మన గుమ్మంలోనే ఉంది. అది రాసే గదిలో మాత్రం మనం లేం.

ఆ గది ఏందో చూద్దాం. దాన్ని థింక్ టాంక్ అంటారు. మంత్రులకీ, అధికారులకీ, పత్రికలకీ ఆలోచనలు తయారుచేసిచ్చే సంస్థ. ఓటుకి నిలబడదు. ఓడిపోదు. పరిశోధన అంటది, సెమినారు పెడతది, నివేదిక అచ్చేస్తది. ఇవాళ నివేదికలో ఉన్న మాట రేపు మంత్రి ప్రసంగంలో ఉంటది, ఎల్లుండి 'జాతీయ ప్రయోజనం' అవుతది. ఆ 'జాతి'లో ఎవరున్నారని అడిగినవాడు దేశద్రోహి అవుతాడు.

వీటిలో కొన్ని ప్రభుత్వానివే. రక్షణ శాఖ డబ్బుతో నడిచే ఐ.డి.ఎస్.ఏ. 1965లో పుట్టింది. సప్రూ హౌస్‌లోని ప్రపంచ వ్యవహారాల మండలి 1943 నాటిది. 2001లో పార్లమెంటు చట్టం చేసి దాన్ని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థని చేసింది. దానికి అధ్యక్షుడు ఉపరాష్ట్రపతే. ఇంకొన్ని షావుకార్లవి. 1990లో రిలయన్స్ అండతో అబ్జర్వర్ రీసెర్చ్ ఫౌండేషన్ వచ్చింది. 2016 నుంచి విదేశాంగ శాఖతో కలిసి ఏటా రైసినా డైలాగ్ అనే పెద్ద సభ జరుపుతున్నది ఇదే. ఇంకొన్ని సంఘ్ పరివార్ నీడలో పెరిగినవి. ఇండియా ఫౌండేషన్‌కి పెద్ద దిక్కయిన రామ్ మాధవ్ మన అమలాపురం వాడే. కోనసీమ పిల్లవాడు ఢిల్లీలో విదేశాంగం మాట్లాడుతుంటే తప్పనడం లేదు. అదే కోనసీమలోని మాలపల్లె పిల్లవాడికీ, మాదిగపల్లె పిల్లకీ ఆ దారి ఎందుకు లేదని అడుగుతున్నాం.

2014 సంగతి గుర్తు చేసుకోండి. వివేకానంద ఇంటర్నేషనల్ ఫౌండేషన్ 2009లో మొదలైంది. దాని మొదటి డైరెక్టరు అజిత్ దోవల్. 2014 మేలో ప్రభుత్వం మారగానే ఆయన జాతీయ భద్రతా సలహాదారయ్యాడు. అదే సంస్థలో ఉన్న నృపేంద్ర మిశ్రా ప్రధానమంత్రికి ప్రిన్సిపల్ సెక్రటరీ అయ్యాడు. మిశ్రా అంతకుముందు ట్రాయ్ చైర్మన్‌గా చేశాడు. ఆ పదవి చేసినవాళ్ళు తర్వాత ప్రభుత్వ ఉద్యోగం చేయకూడదని అప్పటి చట్టం చెప్పేది. ఏం చేశారు? ఆర్డినెన్సు తెచ్చి చట్టాన్నే మార్చారు. మన బ్యాక్‌లాగ్ పోస్టు ఒకటి నింపమంటే ఏళ్ళ తరబడి ధర్నా చౌకులో కూర్చోవాలి. ఒక్క మనిషి కోసం చట్టం రోజుల్లో మారింది. థింక్ టాంక్ అంటే ఉత్త పుస్తకాల బీరువా కాదు, అధికారానికి దొడ్డిదారి అని దీంతో తేలలేదా?

దొడ్డిదారి ఎవరికి తెరవాలో తెలిసినట్టే, ఎవరికి మూయాలో కూడా పాలకులకి తెలుసు. ఢిల్లీలోని సెంటర్ ఫర్ పాలసీ రీసెర్చ్‌కి విదేశీ నిధుల అనుమతిని 2023లో సస్పెండు చేశారు, 2024 జనవరిలో రద్దు చేశారు. ఆ సంస్థ మనది కాదు, అందులో కూడా అగ్రవర్ణ మేధావులదే పై చెయ్యి. అయినా ప్రశ్న అడిగితే నీళ్ళు ఆపుతారన్న పాఠం అందరికీ ఒకటే.

మిత్రులారా, ఈ గదులు మనకి పరాయివని అనుకోవద్దు. 1942 డిసెంబరులో కెనడాలోని మాంట్ ట్రెంబ్లాంట్ అనే ఊళ్ళో ఒక అంతర్జాతీయ సభ జరిగింది. పెట్టింది ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పసిఫిక్ రిలేషన్స్. ఆ రోజుల్లో అది పేరున్న విదేశాంగ థింక్ టాంక్. యుద్ధం అయ్యాక ప్రపంచం ఎట్లా ఉండాలని పెద్ద దేశాలవాళ్ళు కూర్చుని మాట్లాడుకున్న చోటు. దానికోసం అంటరానివారి సమస్య మీద పత్రం రాసిచ్చింది ఎవరు? బాబాసాహెబ్ అంబేద్కర్! ఇండియాకి స్వాతంత్ర్యం అంటున్నారు సరే, అందులో అంటరానివారి స్వాతంత్ర్యం ఎక్కడని ప్రపంచం ముందు నిలదీశాడు. 1946లో అమెరికా నల్లవారి నాయకుడు డుబోయిస్‌కి ఉత్తరం రాశాడు, ఐక్యరాజ్యసమితికి వాళ్ళు పెట్టే అర్జీ ప్రతి కావాలని. 1951లో న్యాయశాఖకి రాజీనామా ఇస్తూ విదేశాంగ విధానాన్ని కూడా కారణంగా చెప్పాడు. ఏటా వచ్చే 350 కోట్ల ఆదాయంలో 180 కోట్లు సైన్యానికే పోతున్నాయనీ, మనకి స్నేహితులు లేకుండా చేసుకున్న విధానమే దీనికి మూలమనీ లెక్క తీసి చూపించాడు. స్వరాజ్ మైదానంలో 2024 జనవరిలో 125 అడుగుల విగ్రహం నిలబెట్టారు. సంతోషం. విగ్రహానికి దండ వేసి పోయేవాళ్ళు ఆ లెక్క చదివారా?

ఇక డర్బన్. 2001 ఆగస్టు 31 నుంచి సెప్టెంబరు 8 దాకా దక్షిణాఫ్రికాలో జాతివివక్ష మీద ఐక్యరాజ్యసమితి సభ జరిగింది. దేశం నలుమూలల నుంచీ దళితులు వెళ్ళారు. కులం మా ఇంటి విషయం, బయట మాట్లాడొద్దంది వాజ్‌పేయి ప్రభుత్వం. కులమూ జాతీ ఒకటి కాదని ఆంద్రే బెతెయ్ లాంటి పేరున్న ప్రొఫెసర్లు పత్రికల్లో రాశారు. అయ్యా, ఒకటని అన్నదెవరు? 1965 నాటి జాతివివక్ష నిర్మూలన ఒడంబడికలో 'పుట్టుక' వల్ల చూపే వివక్ష కూడా నేరమేనని రాసి ఉంది. ఆ మాట అందులో పెట్టించింది భారత ప్రభుత్వమే! ఆ మాట కిందికి కులం వస్తదని 1996లో ఐక్యరాజ్యసమితి కమిటీ మన ప్రభుత్వానికి చెప్పింది. పరాయి దేశంలో మనవాళ్ళకి వివక్ష జరిగితే ఆ మాట కావాలి. మాలపల్లెకి జరిగితే అదే మాటకి అర్థం వేరు.

ఇది ఒక్క పార్టీ గుణం కూడా కాదు. 2006 డిసెంబరులో మన్మోహన్ సింగ్ అంటరానితనాన్ని దక్షిణాఫ్రికా వర్ణవివక్షతో పోల్చాడు. చప్పట్లు కొట్టాం. ఐక్యరాజ్యసమితిలో ప్రభుత్వ వైఖరి మాత్రం అంగుళం కదల్లేదు. అంతర్జాతీయ దళిత సంఘీభావ వేదికకి అక్కడ గుర్తింపు రాకుండా 2008 నుంచి ప్రశ్న మీద ప్రశ్న వేసి ఆపింది మన దేశమే. 2022 డిసెంబరుకి గానీ ఆ గుర్తింపు రాలేదు. ఇంటి విషయమంటారు. చుండూరులో 1991 ఆగస్టు 6న మనవాళ్ళని నరికి తుంగభద్ర కాలవలో పడేశారు. ప్రత్యేక కోర్టు 2007లో వేసిన శిక్షల్ని 2014లో హైకోర్టు కొట్టేసింది. ఇంట్లో న్యాయం దొరికితే బయటికి పోయి అరవాల్సిన ఖర్మ ఎవరికుంది?

బయటి మేధావులంతా మన పక్షమని కూడా భ్రమపడొద్దు. 1999లో చంద్రబాబు నాయుడి ప్రభుత్వం విజన్ 2020 అని ఒక పుస్తకం తెచ్చింది. తయారీలో మెకిన్సీ అనే అమెరికా కన్సల్టెన్సీ ఉంది. వ్యవసాయం మీద బతికే జనాన్ని 70 శాతం నుంచి 40 శాతానికి దించుతామన్నారు. దించిన వాళ్ళు ఎటు పోవాలో చెప్పలేదు. బ్రిటన్ విదేశీ సాయం శాఖ ఈ సంస్కరణలకి డబ్బిచ్చింది. 2001 జూన్‌లో మెదక్ జిల్లా జహీరాబాద్ దగ్గర ఆల్గోల్‌లో 'ప్రజాతీర్పు' జరిగింది. 19 మంది జ్యూరీ. ఎక్కువమంది ఆడవాళ్ళు, చిన్న రైతులు, దళితులు, ఆదివాసులు. అధికారుల్నీ, కంపెనీ వాళ్ళనీ, శాస్త్రవేత్తల్నీ కూర్చోబెట్టి విన్నారు, అడ్డు ప్రశ్నలు వేశారు. విజన్ 2020 మాకొద్దని తీర్పు చెప్పారు. నివేదిక 2002లో లండన్ చేరింది. ఢిల్లీలోని బ్రిటిష్ సాయం కార్యాలయానికి కోపం వచ్చి ఆ పద్ధతే సరిగా లేదంది. మెకిన్సీ పుస్తకం రాసేటప్పుడు ఏ కూలీని అడిగారని మాత్రం ఎవరూ అడగలేదు. ఆ 19 మందీ మన మొదటి థింక్ టాంక్. వాళ్ళకి ఏసీ గది లేదు. బుర్ర ఉంది, భూమి తెలుసు, తీర్పు ఉంది.

మేం బడిపంతుళ్ళం. మా ఇళ్ళల్లో డిగ్రీ ముఖం చూసిన మొదటి మనుషులం. కాబట్టి పిల్లల చదువు దగ్గరే ఆగుతాం. ఎస్సీ పిల్లలు విదేశాల్లో పైచదువులు చదవడానికి కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది. దేశం మొత్తానికి 125 సీట్లు, అందులో ఎస్సీలకి 115. 2022లో నిబంధన మార్చారు. భారతీయ సంస్కృతి, చరిత్ర, ఇక్కడి సమాజం మీద పరిశోధన చేసేవాళ్ళకి ఆ డబ్బు ఇవ్వరట. కంప్యూటర్లు చదువుకో, ఇంజనీరువి కా. కులం గురించి మాత్రం కొలంబియాలో కూర్చుని చదవొద్దు. బాబాసాహెబ్ కొలంబియాలో 1916లో చదివిన పత్రం కులాల పుట్టుక మీదే. ఈ నిబంధన ఆనాడు ఉంటే బరోడా డబ్బుతో ఆయన ఆ పత్రం రాసేవాడా? రేపు థింక్ టాంకులో కూర్చోవాల్సిన మన పిల్లని ఇవాళే గుమ్మం దగ్గర ఆపడానికి పెట్టిన గడియ ఇది. లండన్లో చదువుకుని విదేశాంగ సర్వీసులో చేరిన కె.ఆర్. నారాయణన్ రాష్ట్రపతి దాకా పోయాడు. ఒక్కడు పోతే ఏమైందో చూశారు. వందమంది పోతే?

అందుకని పనులు చెప్పుకుని ముగిద్దాం. ఒకటి: ఆ 2022 నిబంధన తీసేయాలని ప్రతి హాస్టల్ నుంచీ, ప్రతి ఉపాధ్యాయ సంఘం నుంచీ మన ఎంపీలకి అర్జీలు పోవాలి. ఎస్సీ నియోజకవర్గాల ఎంపీలని మరీ గట్టిగా అడగాలి. రెండు: ప్రజల డబ్బుతో నడిచే ఐ.డి.ఎస్.ఏ.లో, ప్రపంచ వ్యవహారాల మండలిలో పరిశోధకులెంతమంది, ఎస్సీ ఎస్టీలెంతమంది అని సమాచార హక్కు చట్టం కింద అడుగుదాం. దరఖాస్తు రాయడం మేం నేర్పుతాం. మూడు: రొయ్యల షెడ్డులో, ధాన్యం మిల్లులో, గల్ఫ్ పోయినవాళ్ళ ఇళ్ళల్లో ఏం జరుగుతుందో మన పిల్లలే రాయాలి. అది కూడా విదేశాంగ నివేదికే. పల్లెకొక నోటుబుక్కు చాలు.

మన గురించి మనం రాయకపోతే మనల్ని ఇంకెవడో రాస్తాడు. ఇన్నాళ్ళూ జరిగింది అదే. పదండి, రాద్దాం.

జై భీమ్.