వెన్నెముక శస్త్రవైద్యము – రోగిసేవ



తెలకపల్లి మహాసభయందు వెన్నెముక వైద్యమును గూర్చి ప్రసంగింపుమని కార్యదర్శిగా రాజ్ఞాపించిరి. మేము శస్త్రవైద్యులము గాము. రోగుల మంచములచెంత గూర్చున్నవారము మాత్రమే. విందునకు ముందు ఈ ప్రస్తావన యేల యని కొంద రనుకొనవచ్చును. నడుము వంగిన పెద్దలు లేని యిల్లు మనలో నెన్ని గలవు?

మన దేశమున నాడీశస్త్రవైద్యమునకు మొదటి శాఖను 1949లో వెల్లూరునందు జేకబ్ చాండీగారు స్థాపించిరి. మన తెలుగునాట నీ విద్యయందు బేరెన్నిక గన్నవారు డాక్టరు డి. రాజారెడ్డిగారు. వీరు హైదరాబాదు నిమ్సునకు డైరెక్టరుగా నుండిరి. ప్రాచీననాణెములను గూర్చియు గ్రంథములు వ్రాసిరి. ఐనను మనకు ముఖ్యమైనది ఫ్లోరైడు వ్యాధిపై వారు చేసిన కృషి.

ఈ వ్యాధి నెల్లూరు జిల్లాలో గలదని 1937లోనే షార్ట్, మెక్‌రాబర్ట్ ప్రభృతులు ప్రకటించిరి. నల్లగొండ సంగతి లోకవిదితమే. పాత మహబూబునగరము జిల్లాలోని కొన్ని గ్రామముల బోరునీళ్లును నిర్దోషములు గావు. లీటరునకు 1.5 మిల్లీగ్రాములకు మించిన ఫ్లోరైడు గల నీటిని ఏండ్లతరబడి త్రాగినచో ఎముకలు దళసరియగును. వెన్నుపూసలను గట్టియుంచు స్నాయువులు సైతము ఎముకగా మారును. లోనిమార్గ మిరుకై వెన్నుపాము నలుగును. మొదట కాళ్లు బిగియును, నడక తడబడును, తుదకు మంచమే గతి. మనవా రిది వాతమని తైలము రాయుచు రెండు మూడేండ్లు గడపుదురు!

అప్పుడు శస్త్రవైద్యుడు వెనుకటి యెముకను దొలగించి వెన్నుపామునకు జోటు కల్పింపవలెను. ఆ యెముక దంతమువలె గట్టిది. క్రింద వెన్నుపామునకు వెంట్రుకవాసి యెడమైన నుండదు. పనిముట్టు రవంత జారిన ఉన్న బలమును బోవును. జయప్రదమైనను శస్త్రము ఒత్తిడిని దీర్చునే కాని యెముకలోని ఫ్లోరైడును దీయజాలదు. కావున ముందుగా వచ్చినవానికే మేలు హెచ్చు.

తరువాతి భారము మనది. కదలలేని రోగిని రెండుగంటల కొకమారు ప్రక్కకు ద్రిప్పవలెను; లేనిచో పుండ్లుపడి, శస్త్రము బ్రతికించినవానిని పుండు చంపును. మూత్రము నిలువకుండ జూడవలెను. ఈతచెట్టునుండి పడినవానిని చంకలు పట్టి లేవనెత్తి ఆటోలో గూర్చుండబెట్టుట మహాపచారము. మెడ, వీపు కదలకుండ బల్లపై బరుండబెట్టియే తేవలెను.

దాతలారా! శిలాఫలకములకు మీరిచ్చు ధనమునకు లోటులేదు. పంజాగుట్ట ఆసుపత్రి వెలుపల కాలిబాటపై మన పల్లెల స్త్రీలు రాత్రులు గడపుచున్నారు. సంఘభవననిధినుండి అచ్చట రెండుగదులు అద్దెకు గొనవలెనను తీర్మానము సాయంకాలసభకు రానున్నది. దానిని ప్రతిపాదించువారము మేమే.