వేలిముద్ర దగ్గర మొదలుపెట్టండి



ఈ సభల కోసం యువ రచయితలు పంపిన కథా ప్రణాళికలు నన్ను చదవమన్నారు. సగానికి పైగా 'చదువు మీద కాపలా ఉన్న రాజ్యం' గురించే. వాటిలో ప్రతిదానిలోనూ ఎక్కడో ఒకచోట పుస్తకాల కుప్పకు నిప్పు పెడుతున్నారు. రే బ్రాడ్‌బరీ 1953లో 'ఫారెన్‌హీట్ 451'లో అంటించిన మంట ఇంకా ఆరినట్టు లేదు. మన జిల్లాలో మాత్రం ఆ మంట నా ఊహకు అందలేదు. కాల్చాలంటే ముందు పుస్తకాలుండాలి కదా! 2011 జనాభా లెక్కల్లో కూడా అనంతపురం జిల్లాలో చదవను రాయను వచ్చినవాళ్లు నూటికి అరవై నలుగురే. అగ్గిపుల్ల ఖర్చు లేకుండానే చదువుని అదుపులో పెట్టిన నేల ఇది. నమ్మించే కథ కావాలంటే ఆ పద్ధతులను తవ్వండి.

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో బడుల లెక్క అడిగాడు. మరుసటి ఏడు బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ జవాబు రాశాడు. అప్పుడు మనం బళ్లారి జిల్లాలోనే ఉన్నాం, విడిపోయింది 1882లో. జనాభా 9,27,857. బడులు 533. చదివే పిల్లలు 6,641. అందులో ఆడపిల్లలు అరవై మంది. ఈ అంకెలు బాధ పెడతాయి గానీ, కథకుడికి పనికొచ్చేది ఆ నివేదికలోనే ఇంకొకటి ఉంది. పిల్లలు పద్యాలు పొల్లుపోకుండా అప్పగిస్తారు, అర్థం మాత్రం చిలకకు తెలిసినంతే తెలుసు, చెప్పే అయ్యవారికే చాలాసార్లు తెలియదు అంటాడాయన. దొర మాటల్లో దొరతనం కొంత ఉంటుంది, అది తీసేసి చూడండి. బడి ఉంది, అక్షరం ఉంది, పలక ఉంది. అర్థం ఒక్కటే లేదు. ఏ నియంతా శాసనం చేయలేదు. ఇంతకన్నా చవకైన కాపలా ఉంటుందా?

మా అబ్బకు అక్షరం రాదు. పొలం మాత్రం అంగుళం అంగుళం తెలుసు. ఆ పొలం కాగితం మీద ఎవరి పేరున ఉందో చెప్పవలసింది కరణం. కరణాలు రాసేది గొలుసుకట్టు. అక్షరం మీద అక్షరం అల్లుకుని, తలకట్టు ఎక్కడో కొమ్ము ఎక్కడో తెలియని రాత. బడికి పోయి అచ్చక్షరాలు నేర్చినవాడికీ అది కొరుకుడు పడదు. ఇంకా వెనక్కి పోతే కడితం ఉంది. బొగ్గూ చింతగింజల జిగురూ పట్టించిన నల్లగుడ్డ మడతల మీద బలపంతో రాసేవాళ్లు. దాన్ని తుడిచి మళ్లీ రాయొచ్చు. రైతు బతుకంతా ఉన్న దస్త్రం, తడిగుడ్డతో మారిపోగల దస్త్రం! 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కరణం పదవులు తీసేసింది. ఆ రాతలు చదవగలిగినవాళ్లు ఇప్పుడు అరుదైపోయారు, అది వేరే దుఃఖం.

బయటి ప్రపంచంలోనూ తెలివైన కాపలాదారులు చదువుని పూర్తిగా మూయలేదు, సగం తెరిచారు. అమెరికాలో సౌత్ కరోలినా 1740లో చేసిన చట్టం బానిసలకు రాయడం నేర్పితే జరిమానా వేసింది. చదవడం గురించి మాట్లాడలేదు. బైబిలు చదివేవాడితో యజమానికి ప్రమాదం లేదు. సొంతంగా అనుమతి చీటీ రాసుకుని తోట దాటిపోయేవాడితోనే ప్రమాదం. స్వీడన్‌లో 1686 నాటి చర్చి చట్టం అందరినీ చదవమంది, రాయడం అందరికీ అందడానికి తరాలు పట్టింది. మీ రాజ్యంలో బడులు మూసేయకండి. ఊరూరా తెరిపించండి. ఏ సగం నేర్పుతారో తేల్చుకోండి, కథ అక్కడ పుడుతుంది.

అయితే సగం చదువు లెక్క తప్పుతుంది కూడా. నెల్లూరు జిల్లాలో 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. సర్కారు అచ్చేసిన వాచకంలో దూబగుంట ఆడవాళ్లు సారా అంగడి మూయించిన కథ ఒక పాఠమైంది. పక్క ఊళ్ల ఆడవాళ్లు ఆ పాఠాన్ని కూడబలుక్కుని చదివారు. చదివి ఊరుకోలేదు, సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా ఆగిపోయింది. వాచకాన్ని తయారుచేసినవాళ్లు ఇంత అనుకుని ఉండరు. మీ కథలో తిరుగుబాటు తేవడానికి రహస్య గ్రంథాలయాలూ ముసుగు వీరులూ అక్కర్లేదు, ఒక పాఠం గురి తప్పితే చాలు.

మన దగ్గర చూడండి. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది మన నార్పల మండలం బండ్లపల్లిలోనే. తర్వాత సామాజిక తనిఖీలు వచ్చాయి. రచ్చకట్ట మీద ఊరి పిల్లలే మస్టరు గట్టిగా చదువుతారు. రాని మనిషి పేరున కూలి పడి ఉంటే జనంలోంచే గొంతు లేస్తుంది. చదవడం వచ్చింది ఒక్కరికి, విన్నది ఊరంతా. అక్షరం వల్ల భయం ఎవరికి పుడుతుందో తెలియాలంటే ఆ సభలో మస్టరు రాసినవాళ్ల ముఖాలు చూడాలి.

ఇక నా ప్రణాళిక చెబుతాను. అధ్యక్షుడికి ఆ మాత్రం చనువు ఇవ్వండి.

కాలం రేపో ఎల్లుండో. చదువు మీద నిషేధం లేదు, దాని అవసరమే లేదు. ఫోను అన్నీ తెలుగులో, మన యాసలోనే, తియ్యగా చదివి పెడుతుంది. రైతు వేలు పెడితే చాలు. వేలిముద్రను తుడిచేయడానికే గదా వయోజన విద్య పెట్టింది, అది మళ్లీ దర్జాగా తిరిగొచ్చింది. చెనిక్కాయ పంటకు బీమా ఇచ్చేది వాన లెక్కను బట్టి. వర్షమాపకం మండల కేంద్రంలో కంచె లోపల ఉంటుంది, దాని అంకె ఫోను చెబుతుంది. పదునైందో లేదో రైతుకు మడక చెబుతుంది గానీ, మడక మాట ఏ కాగితమూ వినదు. ఊళ్లో ఒక పిల్ల ఉంది. ముసలి జేజి దగ్గర సరదాగా అంకెలు నేర్చుకుంది. ఒకరోజు మేకపిల్ల కంచె దూరితే పట్టుకోవడానికి తనూ దూరింది, గాజు గొట్టం మీది గీత చూసింది. సాయంత్రం ఫోను వేరే అంకె చెప్పింది.

ఆ పిల్ల ఇంటికొచ్చి ఏం చేస్తుంది? జేజికి చెబుతుందా, గోడ మీద బొగ్గుతో రాస్తుందా? రాస్తే చదివేవాళ్లు ఊళ్లో ఎందరు మిగిలారు? పేరు కూడా నేను పెట్టలేదు. మధ్యాహ్నం సమావేశంలో ఆ పేరుతోనే మొదలుపెడదాం.