వైద్యుడే పాలకుడైనప్పుడు: డాక్టర్ బి.సి. రాయ్



బింబిసారునికి వైద్యం చేసిన జీవకుడే భిక్షుసంఘానికీ వైద్యం చేశాడు. కాని రాజ్యాన్ని తాను చేపట్టలేదు. నేను ప్రస్తావించదలచిన వైద్యుడు దానినీ చేపట్టారు. ఆయన డాక్టర్ బిధాన్ చంద్ర రాయ్.

1882 జూలై 1న పాట్నాలోని బంకీపూర్‌లో ఆయన జన్మించారు. 1909లో లండన్ సెయింట్ బార్తోలోమ్యూ ఆసుపత్రిలో ప్రవేశం కోరగా అక్కడి డీన్ పదే పదే నిరాకరించారు. ముప్పై దరఖాస్తుల పిమ్మట చేర్చుకొన్నారని ప్రసిద్ధి. 1911 నాటికి ఎం.ఆర్.సి.పి., ఎఫ్.ఆర్.సి.ఎస్. రెండూ సాధించి స్వదేశానికి వచ్చారు. కలకత్తా మేయరు పదవి, విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షత జీవితచరిత్రలన్నిటా ఉన్నవే, విస్తరింపను. 1948 జనవరిలో పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి అయిన తరువాత కూడా ఉదయం వేళ ఇంటివద్ద పేదరోగులను ఉచితంగా పరీక్షించేవారు. పదవి వచ్చినంతనే వృత్తిని మరచే వారిని మనం చూస్తూనే ఉన్నాము గదా!

అయితే వైద్యుని ఎదుట కూర్చునే రోగికి ముఖం ఉంటుంది. పాలకుని ముందుకు లక్షలమంది అంకెలుగా వస్తారు.

దేశవిభజనతో తూర్పు బెంగాల్ నుండి కాందిశీకులు వచ్చారు. ముందు వచ్చినవారిలో అగ్రవర్ణ విద్యావంతులు అధికం. వారిలో అనేకులు కలకత్తా పరిసరాలలోనే నిలదొక్కుకొన్నారు. 1950 అల్లర్ల తరువాత వచ్చినవారిలో నామశూద్ర రైతులు ఎక్కువ. 1946లో బాబాసాహెబ్ అంబేడ్కర్ బెంగాల్ నుండి రాజ్యాంగసభకు ఎన్నిక కావడానికి పాటుపడిన జోగేంద్రనాథ్ మండల్ ఈ కులంవారే. రాష్ట్రంలో ఇక భూమి లేదని ప్రభుత్వం చెప్పింది. 1958లో కేంద్రం దండకారణ్య పథకం ఏర్పరచింది. నదీతీరాల వరిసాగు, పడవప్రయాణం ఎరిగిన ఆ జనాన్ని బస్తర్, కోరాపుట్ మెట్టభూములకు పంపారు. మన శబరి నదికి ఆవలి అడవులే అవి.

రాయ్ పక్షాన చెప్పవలసినదీ ఉంది. పంజాబు కాందిశీకులకు చేసినంత సహాయం బెంగాలుకు చేయలేదని ఆయన నెహ్రూతో లేఖలలో గట్టిగా వాదించారు. దుర్గాపూర్, కల్యాణి వంటి పట్టణాలకు రూపమిచ్చారు. ఆయన దయ నిజమైనదేనని నా విశ్వాసం. కాని ఆ దయ ఉదయపు గదిలో రోగిని చేరినట్లు నామశూద్ర శిబిరాలను చేరలేదు. దూరప్రాంతాలకు పోమని మొరపెట్టుకొన్నవారి మాట నెగ్గలేదు.

1962 జూలై 1న, తన ఎనభయ్యవ జన్మదినాన, పదవిలో ఉండగానే ఆయన కన్నుమూశారు. పదహారేళ్ల తరువాత, 1978లో, దండకారణ్యం నుండి వేలాది కుటుంబాలు తిరిగి బెంగాలుకు బయలుదేరి సుందర్బన్స్‌లోని మరిచ్‌ఝాపి దీవిని చేరాయి. మరుసటి ఏడాది అక్కడినుండి కూడా వారిని వెళ్లగొట్టారు.