ఊరంతటికీ ఒక మాత్ర, మన మన్యపు జ్వరం



నేను డాక్టరును కాను, కాగితాలు చదివే గుమాస్తాను. జ్వరం రాగానే మందుల షాపులో మూడు అజిత్రోమైసిన్ మాత్రలు కొనుక్కోవడం మన సాలూరులోనూ అలవాటైపోయింది. "మలేరియాకి కూడా ఇది పనిచేస్తుందటండీ, ఆఫ్రికాలో ఊళ్ళకు ఊళ్ళే మింగించారట" అని మన సభ్యులొకరు అన్నారు. అందులో సగం నిజముంది. నాకు భయమంతా ఆ సగం గురించే.

ఆఫ్రికాలో ట్రకోమా అనే కంటిజబ్బు కోసం ఊరంతటికీ ఈ మందు ఇచ్చేవారు. అది మలేరియా మీద కూడా ప్రభావం చూపుతుందా అని గాంబియా పల్లెల్లో పరిశీలించి 1995లోనే రాశారు. తరువాత నైజర్, మలావీ, టాంజానియాల్లో అయిదేళ్ళలోపు పిల్లలకు ఏడాదికి రెండుసార్లు ఇచ్చి చూశారు. 2018లో వచ్చిన ఫలితం ప్రకారం మందు వేసిన ఊళ్ళలో పిల్లల చావులు నూటికి 13.5 వంతు తగ్గాయి, నైజర్‌లో 18 వంతు. చిన్న సంగతి కాదు. అయితే ఆ పిల్లల కడుపులోని క్రిములు మందుకు లొంగకుండా తయారవడమూ కనిపించింది. అందుకే 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, వెయ్యికి 60 మందికి మించి శిశువులు చనిపోయే చోట్ల మాత్రమే ఆలోచించమంది. మన రాష్ట్రం లెక్క దానికి ఎంతో తక్కువ.

ఇక మాత్ర పనిచేసే తీరు. మలేరియా క్రిమి లోపల, ఎప్పుడో నాచుజాతి జీవి నుంచి వచ్చిన చిన్న అర ఒకటుంది. బ్యాక్టీరియా మందు దాన్ని దెబ్బతీస్తుంది. కాని ఆ దెబ్బ ఇప్పుడున్న క్రిమికి కాదు, దాని పిల్లలకు తగులుతుంది. ఫాల్సిపారం క్రిమికి ఒక తరం 48 గంటలు. ఈలోగా ఆ జ్వరం మెదడుకెక్కవచ్చు. కనుకనే డాక్టర్లు డాక్సీసైక్లిన్‌ను క్వినైన్‌కు తోడుగా ఇచ్చారు గాని, ఒంటరిగా నమ్మలేదు.

ఊరంతటి వైద్యం మనకు కొత్తా? 1958లో నిర్మూలన పథకం మొదలైంది. మలేరియావాళ్ళు ఇంటికొచ్చి డీడీటీ కొట్టి, వేలు పొడిచి రక్తపు చుక్క తీసి, జ్వరమున్నవాడిచేత క్లోరోక్విన్ మాత్రలు మింగించి, గోడమీద తేదీ వేసి పోయేవారు. దేశంలో కేసులు 1965లో లక్షకు దిగాయి. 1976 నాటికి మళ్ళీ 64 లక్షలు! 1973లోనే అస్సాంలో క్లోరోక్విన్‌కు లొంగని క్రిమి బయటపడింది. చివరకు 2010లో ఫాల్సిపారానికి దేశమంతటా ఆ మందు మార్చి ఆర్టిమిసినిన్ కలిపిన మందు పెట్టవలసి వచ్చింది.

పాచిపెంట, మక్కువ కొండల్లో మనవారికి బంధువులున్నారు, పొలాలున్నాయి. అక్కడికి పోయొచ్చాక చలితో జ్వరం వస్తే షాపుకు కాదు, ఆశా కార్యకర్త దగ్గరకో, ఆరోగ్య కేంద్రానికో పోయి ముందు రక్తం చూపించండి. కిట్టు మీద పావుగంటలో తేలుతుంది. మలేరియా అని తేలితే, ఏ రకమో చూసి వాళ్ళిచ్చే మందు చివరిదాకా వాడండి. వైవాక్స్ అయితే ప్రిమాక్విన్ 14 రోజులు. మూడోరోజు జ్వరం తగ్గిందని మిగతా మాత్రలు అలమరలో దాచేవాళ్ళు మనలో ఎందరో చేతులెత్తమని అడగను లెండి.

ప్రశ్నలుంటే భోజనాల దగ్గర మాట్లాడుకుందాం.